ఉప్పుకండం పెట్టె తాళం

పెట్టెలో పంది ఉప్పుకండం తరిగిపోతోందని తిర్జా మూడు రోజుల కిందట కనిపెట్టింది. ఊకలో పాతిపెట్టిన ముక్కల్ని రోజూ పొద్దున్నే తీసి కోసేది తనే. తను కోస్తే కత్తి గాటు తిన్నగా ఉంటుంది. ఇప్పుడు అంచులన్నీ అడ్డదిడ్డంగా ఉన్నాయి. కొత్త భూముల కోసం ఆరెగాన్‌కు పోతున్న ఆ గూడుబండిలో ఉన్నదే ముగ్గురు. మొగుడు ఎఫ్రాయిమ్‌కు ఆ పెట్టె మూత ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు. ఇక మిగిలింది మరిది లెమ్యూల్.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, తిర్జాకు అంత వినయం లేదు. ఈ మరిది ముప్పై ఏళ్ళ మనిషి, పెళ్ళీ పెటాకులూ లేనివాడు. దారిలో వచ్చిన లారమీ కోట దగ్గర మంచి కంబళి ఇచ్చేసి సీసాడు విస్కీ తెచ్చుకున్న ఘనుడు. ఆ రోజే ఎఫ్రాయిమ్ బండ్ల బారంతా వింటుండగా ఒట్టు పెట్టాడు. ఇంకొక్క తప్పు చేస్తే తమ్ముడని కూడా చూడడట, మూట చేతికిచ్చి దారిలో దింపేస్తాడట. అప్పటినుంచీ లెమ్యూల్ నోట్లో నాలుక లేనట్టు ఉంటున్నాడు. అలా ఉండడమే ఆమెకు మరీ అనుమానం. వెనక బండ్లవాళ్ళ దగ్గర విస్కీ ఉంది. ఆరెగాన్ ఇంకా మూడు నెలల దూరం. తిండి తరిగిపోతే ఈ చౌడు నేలలో గడ్డి తిని బతకాలి.

ఆ పొద్దున పెట్టెకు తాళం వేసి, తాళంచెవి తాడుకు కట్టి మెడలో వేసుకుంది. ఎఫ్రాయిమ్ ముందున్న వాగు చూడ్డానికి బండ్ల బారు కెప్టెన్‌తో వెళ్ళాడు. అతను అటు వెళ్ళగానే లెమ్యూల్ ఇటు వచ్చాడు.

"వదినా, తాళం ఎందుకేశావు?"

"ఎలకలు ఎక్కువయ్యాయి. రెండు కాళ్ళవి."

అతను తల దించుకున్నాడు. "ఒక్క ముక్క ఇవ్వు. అరచెయ్యంత చాలు. కాస్త వెనిగర్ కూడా."

"వెనిగర్ కూడానా! ఎవరికయ్యా విందు?"

"అది మాత్రం అడక్కు."

"ఎందుకో చెప్పు, ఇస్తాను."

"చెప్తే నువ్వు అన్నయ్యతో చెప్తావు."

"చెప్పనా మరి! కంబళి తాగేశావు. ఇప్పుడు మా తిండి కూడా తాగేద్దామనా?"

ఎద్దుల్ని కాడికి కట్టేటప్పుడు మళ్ళీ అడిగాడు. బండి కదలబోతుంటే మూడోసారి వచ్చాడు. ఈసారి కళ్ళలో నీళ్ళున్నాయి. "నా వంతు మాంసమే ఇవ్వు వదినా. నేను తినను."

"వండి పెడతాను. నా కళ్ళముందు కూర్చుని తిను."

దొంగ దొరికాడని ఆమెకు సంతోషంగా ఉంది. ఆ సంతోషంలో, ఆకలిగొన్నవాడు తన వంతు తిననని ఎందుకంటాడని ఆలోచించలేదు.

మధ్యాహ్నం ఎగుడు దారిలో ముందు కాడిలోని ఎద్దు డ్యూక్ మోకాళ్ళమీద కూలబడింది. నోట నురగ, ఉబ్బిన పొట్ట. వాగు చూసి తిరిగొచ్చిన ఎఫ్రాయిమ్ కొరడా ఎత్తబోతే లెమ్యూల్ అడ్డం పడ్డాడు. కాడి విప్పి, ఎద్దు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"కొట్టకన్నయ్యా, తప్పు నాదే. నాలుగు రోజుల కిందట మేపుతూ కునుకు తీశాను. లేచేసరికి ఇది చౌడు గుంటలో మూతి పెట్టి తాగేస్తోంది. నువ్వు దింపేస్తావని చెప్పలేదు. రోజూ కొవ్వు ముక్క, వెనిగర్ మింగించి నడిపించుకొస్తున్నాను."

చౌడు నీళ్ళు తాగిన ఎద్దుకు పంది కొవ్వే మందని ఆ దారిలో తెలియనివాళ్ళు లేరు. తిర్జాకూ తెలుసు. తాళంచెవి మెడలోంచి తెంపి, పెట్టె తెరిచి, చేతికందినంత ముక్క తీసుకుని పరిగెత్తింది. ఎద్దు నోట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి కుక్కింది. "మింగరా, నా తండ్రివి కదూ, మింగు" అని బతిమాలింది. అది మింగలేదు. కాసేపు కాళ్ళు కొట్టుకుని ఊరుకుంది.

మిగిలిన మూడెద్దులతో ఆ బండి కొండలు దాటదు. బండి వెనక వస్తున్న పాడి ఆవును కాడికి కట్టినా సగం సామాను అక్కడే పారెయ్యాలి.

"ఒరేయ్, నిన్నటిదాకా మింగించినవాడివి ఇవాళ ఎందుకు మానేశావు?" అన్నాడు ఎఫ్రాయిమ్.

లెమ్యూల్ వదిన వైపు చూశాడు. "మర్చిపోయానన్నయ్యా."

ఎఫ్రాయిమ్ బండెక్కి తమ్ముడి మూట తెచ్చి దారిలో విసిరాడు. వెనక బండ్లవాళ్ళు ఎక్కించుకుంటారో లేదో, ఎక్కించుకోకపోతే మనిషి మిగలడు. తను నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే తిర్జాకు తనమీద అసహ్యం వేసింది.

"ఆగండి. మీ తమ్ముడు మర్చిపోలేదు. మూడుసార్లు అడిగాడు. దొంగ అనుకుని నేనే ఇవ్వలేదు."

తిడతాడనుకుంది, కొడతాడనుకుంది. ఎఫ్రాయిమ్ ఆ రెండూ చెయ్యలేదు. ఆమెను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు.

"మరి నీ తప్పు వాడెందుకు నెత్తిన వేసుకున్నాడే?"

మంచివాడు కాబట్టి. జవాబు అంతే. మూడు రోజులుగా తనే నమ్మని ఆ మాటను ఇప్పుడు మొగుడి చేత ఎలా నమ్మించాలో తిర్జాకు తెలియలేదు. ఆమె మాట వెతుక్కుంటున్నంతసేపూ, వదినా మరుదుల మధ్య ఇంకేదో ఉందన్న అనుమానంతో అతని మొహం గట్టిపడుతూ వచ్చింది.

ఎఫ్రాయిమ్ వంగి మూట తీసి తమ్ముడి చేతికిచ్చాడు. "నడువు" అన్నాడు. ఈసారి ఎద్దు మాట ఎత్తలేదు.