మొదటి పది నిమిషాలు

కుర్చీ చేతికి అంటించిన బబుల్‌గమ్‌ను పాత కత్తితో గీకుతున్నాడు టార్చి పెద్దాయన. ఎవడి నోట్లోనో నానిన ముద్ద ఇప్పుడు ఆయన గోటికి పట్టుకుంది. కింద తొక్కేసిన పాప్‌కార్న్, మూలన ఎవడో ఉమ్మిన మరక. "ఛీ! ఇళ్లల్లోనూ ఇలాగే ఏడుస్తారా?" అని గొణిగాడు. మాట్నీకి ఇంకా గంట ఉంది.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ హాల్లో చీకట్లో జనానికి సీట్లు చూపిస్తున్నాడు. ఒక్క సినిమాకీ మొదలు చూడలేదు. ఆలస్యంగా వచ్చేవాళ్ల కాళ్ల ముందు టార్చి వేసి తిరిగి చూసేసరికి కథ ఎక్కడికో పోయేది.

"ఇంట్లోనే మొదటి నుంచీ చూద్దువుగాని రా నాన్నా," అని పోయిన ఆదివారం కొడుకు టీవీ పెట్టాడు. పేర్లు పడుతుండగానే రిమోట్ నొక్కి ముందుకు జరిపేశాడు. "ఆ సోదంతా ఎందుకు?" అన్నాడు. వంటింట్లో కోడలు మిక్సీ వేసింది. తెరమీద ఒక తల్లి ప్రాణం పోతుంటే బొమ్మ ఆపి, కొడుకు బాత్‌రూమ్‌కు వెళ్లాడు. ఆ తల్లి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అలవాటుకొద్దీ గోడవారన నిలబడి చూస్తున్నాడు పెద్దాయన. హాల్లో రోత చీపురుకైనా లొంగుతుంది, దీన్నేం చేస్తాం?

అందుకే ఇవాళ గేటు దగ్గర టికెట్లు చింపేవాడిని అడిగాడు. "తమ్ముడూ, మొదటి పది నిమిషాలు నా బదులు చూసుకోవూ?"

"కూర్చో అన్నా. వచ్చేది పదిమందేగా!"

పొద్దుటి నుంచీ ఎడమచెయ్యి లాగుతోంది. ఆ మాట చెప్పలేదు. చెబితే ఇంటికి పంపించేస్తారు.

లైట్లు ఆరాయి. చివరి వరుసలో, ఇందాక తాను గీకిన కుర్చీలోనే కూర్చున్నాడు. పడుతున్న పేర్లన్నీ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. ఇంతలో ఒక జంట ఫోన్ల వెలుగు అందరి మొహాల మీదా కొడుతూ, పకపకా నవ్వుతూ చొరబడింది. గేటు దగ్గర తమ్ముడు లేడు. "కళ్లు నెత్తికెక్కాయి వెధవలకి," అని పళ్లు కొరికాడు పెద్దాయన. అయినా లేవలేదు. తెర మీది చూపు తిప్పకుండానే టార్చి మెట్ల మీదికి వేశాడు.

ఇంటర్వెల్‌లో తమ్ముడు నవ్వుతూ వచ్చాడు. "ఏమన్నా, మొదలెలా ఉంది?"

పెద్దాయన తెర వైపే చూస్తున్నాడు. భుజం తట్టేసరికి తల పక్కకు వాలిపోయింది.

నలుగురూ కలిసి ఆయన్ని మోసుకెళ్తుంటే ఆ జంట ఫోన్లెత్తి ఫొటోలు తీసింది. తరువాత మిగతా సగం సినిమా వేశారు. శుభ్రంగా గీకిన కుర్చీ చేతిమీద టార్చి ఒక్కటే మిగిలి, మూడో మెట్టు మీద వెలుతురు వేస్తూనే ఉంది.