ఏ గేటు దగ్గర నిలబడ్డాడు

సంగప్ప జేబులో కాగితం అప్పటికే రాసి ఉంది. ఎవరి మాటా వినకముందే తీర్పు రాసుకొచ్చే పెద్దమనిషికి మళ్లీ ఈ పంచాయితీ ఎందుకని ఎవరూ అడగరు. అందులో ఏముందో సునందకు పొద్దున్నే అన్న బాలరాజ్ చెప్పాడు. తప్పు ఒప్పుకొని ఈ రోజే భర్త దశరథ్ ఇంటికి తిరిగి పోతుందట, ఇక మీదట చెప్పకుండా గడప దాటదట. కింద ఆమె సంతకం ఒక్కటే తక్కువ. పెన్ను కూడా బాలరాజే తెచ్చాడు.

ఆదివారం కాబట్టి పటేల్‌గూడ సంఘం భవనం వరండా నిండిపోయింది. మగవాళ్లకు కుర్చీలు, ఆడవాళ్లకు గోడ. సునంద ఆ గోడకే ఆనుకొని నిలబడింది. పెళ్లయి పదిహేనేళ్లు. మూడు వారాల కింద కూతురు సృజనను వెంటబెట్టుకొని జిన్నారంలో అన్న ఇంటికి వచ్చేసింది. ఆ రోజు ఇంట్లో గొడవేమీ జరగలేదు. గొడవ జరగడానికైనా ఇద్దరు మాట్లాడుకోవాలి కదా.

సంగప్ప గొంతు సవరించుకొని ఎప్పుడూ అడిగే మూడు ప్రశ్నలూ అడిగాడు.

"కొడ్తడా బిడ్డా?"

"లేదు మామా."

"తాగొచ్చి లొల్లి చేస్తడా?"

"లేదు."

"ఇంకోదాన్ని ఉంచుకున్నడా?"

"లేదు."

"మరి నీ బాధేంది?"

"నాతోటి మాట్లాడడు."

వరండా అంతా నవ్వింది. "మా ఇంట్ల గట్ల రెండు రోజులు మాటలు బందయితే నేను దావత్ ఇస్త," అన్నాడు వెనక కుర్చీలోంచి ఒకడు. దాంతో ఇంకోసారి నవ్వారు. సునందకు ఒళ్లు మండిపోయింది. ఈ నవ్వు వస్తుందని తెలిసే నాలుగేళ్లు నోరు మూసుకుంది.

దశరథ్ మూగవాడేం కాదు. పెద్ద ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. బీహార్ వాళ్లతో హిందీలో జోకులేస్తాడు, చాయ్ బండి దగ్గర గంటసేపు ముచ్చట పెడతాడు. ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చాడంటే మాత్రం చేతిలో ఫోను, నోట్లో 'ఊఁ'. అన్నం పెట్టాలా అంటే ఊఁ. పిల్లకు జ్వరం అంటే ఊఁ. ఒకసారి పంతం కొద్దీ, "మన ఇంటి ముందరికి ఏనుగొచ్చింది" అంది. ఫోనులోంచి తల ఎత్తకుండా ఊఁ అన్నాడు. ఆమెకు పకపకా నవ్వొచ్చింది. ఆ తర్వాత బట్టలుతికే బండ దగ్గర కూర్చొని చాలాసేపు ఏడ్చింది. దెబ్బ తగిలితే వీపు చూపించొచ్చు. ఊఁ అనే మాటను పదిమందికి ఎట్లా చూపించడం?

అత్త ఎంకమ్మ ముందుకొచ్చింది. కొడుకు మీద ఈగ వాలనివ్వదు ఆమె.

"నా కొడుకు మంచోడు కాబట్టే దీనికి అలుసైంది. డ్యూటీ దిగి, బండేసుకొని, మూడు రోజులు దీని కంపెనీ గేటు కాడ నిలబడ్డడు. ఎర్రటి ఎండల. ఇది సూసి కూడా ఇంకో గేటు నుంచి తప్పించుకొని పోయింది. గింత పొగరు ఏ ఆడిదానికన్న ఉంటదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. గోడ దగ్గరున్న ఆడవాళ్లు కూడా సునంద వైపు అదోలా చూశారు. మూడు రోజులు ఎండలో నిలబడ్డ మగవాడంటే మాటలా. బాలరాజ్ తలకాయ వేలాడేశాడు. సంగప్పకు ఇక పని సులువైంది. జేబులోంచి కాగితం తీసి మడత విప్పాడు.

సునంద గోడ నుంచి వీపు ఎత్తి నిలబడింది. నిజంగా వచ్చాడా? తన కోసం మూడు రోజులు నిలబడ్డాడా? అయితే తనెందుకు చూడలేదు? ఎంకమ్మ మాట అబద్ధం కాదు, ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు. మనసులోనే లెక్క కట్టుకుంది. ఆ తర్వాత అర్థమైంది.

దశరథ్ వైపు తిరిగింది. అందరి ముందు మొగుణ్ణి సూటిగా అడగడం ఆ వరండాలో ఎవరూ ఎరగరు.

"ఏ గేటు కాడ నిలబడ్డవ్?"

దశరథ్ సంగప్పను చూశాడు. చెప్పు, అన్నట్టు సంగప్ప తలూపాడు.

"నీ కంపెనీ గేటే. జిన్నారం రోడ్డు మీద, మందు గోలీల కంపెనీ."

ఇందులో తప్పేముందో వరండాలో ఎవరికీ తెలియలేదు. గోడ దగ్గర మొగులమ్మ ఒక్కతే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఆ గోలీల కంపెనీలోనే ప్యాకింగ్ పని చేస్తుంది.

"మామా," అంది మొగులమ్మ మెల్లగా, "సునంద ఆడ మానేసి ఎన్మిది నెలలాయె."

దశరథ్ ముఖంలో రంగు మారింది. "నాకు చెప్పకపోతివి," అన్నాడు సునందతో.

"చెప్పిన. సీసా మూతల కంపెనీల చేరుతున్న అన్న. ఊఁ అన్నవ్. తెల్లారి నీలం కోటు ఇచ్చిన్రని చూపిచ్చిన. ఊఁ అన్నవ్. గోలీల కంపెనీల తెల్ల కోటు, ఈడ నీలం కోటు. మనింట్ల మేకు ఒక్కటే. నీ అంగీ తీస్కోవాలంటే నా కోటు పక్కకు జరపాలె. ఏడు నెలలు రోజూ నీ చేతులతోనే జరిపినవ్."

 దావత్ ఇస్తానన్నవాడు కుర్చీలో కిందికి జారి కూర్చున్నాడు.

"నేను ఇల్లిడిసి మూడు వారాలు. ఫోను నా కోటు జేబులనే ఉన్నది. ఒక్కసారి మోగలె. మామా, నువ్వు అడిగినవ్ గదా నీ బాధేందని. ఇదే."

సంగప్ప పాత మనిషి. గతుక్కుమన్నాడు కాని కాగితం మాత్రం వదల్లేదు. "సరే బిడ్డా. ఏదో పరాకు మనిషి. ఇప్పుడు తెలిసింది గదా. సంతకం పెట్టు, ఇగ మంచిగుంటడు."

బాలరాజ్ చేతిలో పెన్ను ఉంది. చెల్లెలిని చూశాడు. పెన్నుకు టోపీ పెట్టి జేబులో వేసుకున్నాడు.

"పెట్ట మామా," అంది సునంద. "కొట్టి ఉంటే మీరే నన్ను పంపకపోదురు. గాయం లేదని పంపుతున్రు. గోడతోటి కాపురం చేసిన, ఇగ చెయ్య. పిల్లను సూస్తా అంటే ఎప్పుడన్న రమ్మను, అడ్డం చెప్ప. నా రెండో షిఫ్టు బస్సుకు టైమైంది."

"పంచాయితీ ఇంక ఒడువలే, అయిపోలే," అన్నాడు సంగప్ప.

"నాది ఒడిసింది."

చెప్పుల కోసం వంగింది. దారిలో అత్త నిలబడి ఉంది. ఎంకమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆవిడ కళ్లు మాత్రం కుర్చీలో ఫోను చూసుకుంటున్న తన మొగుడు పెద్దరాములు మీద ఉన్నాయి.

సునంద మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"సునందా."

పేరు పెట్టి పిలిచాడు. ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు లేదు. కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి.

"ఇప్పుడు ఏ కంపెనీల చేస్తున్నవ్? ఏడ ఉంటది?"

 ఈ ఒక్క ప్రశ్న కోసం ఎనిమిది నెలలు కాచుకుంది. మంచం మీద పడుకొని అడిగి ఉంటే అన్నీ చెప్పేది. మిషను ఎంత వేడిగా ఉంటుందో, మొదటి వారం వేళ్లు ఎట్లా బొబ్బలెక్కాయో, లైన్‌లో తనే అందరికంటే జల్దీ అని సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడని. అడగనందుకు ఈ మనిషి మీద కోపం పోలేదు. ప్రేమ కూడా పూర్తిగా పోలేదు, అదే ఆమెకు సిగ్గుగా ఉంది. కాని ఇరవై మంది చూస్తుంటే పుట్టిన ప్రశ్న ఇది, రేపటికి ఉంటుందన్న నమ్మకం లేదు.

రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టింది.

సునంద తల తిప్పలేదు. సంచిలోంచి నీలం కోటు తీసి దులిపి చేతికి వేసుకుంది.

"ఊఁ," అంది, మెట్లు దిగింది.