‘టి’ లేని మాట

కవర్లు అంటించేటప్పుడు ఇంగ్లీషు కాగితం వచ్చిందంటే శ్రీవాణి చెయ్యి ఆగిపోయేది. మైదుకూరులో వాళ్ల కిరాణా అంగడికి కావలసిన కవర్లన్నీ ఆమే చేసేది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక మైదాపిండి జిగురు ఉడికించుకుని, పాత పేపర్లు ముందేసుకుని కూర్చునేది. తెలుగు కాగితాలు గబగబా మడతపడేవి. ఇంగ్లీషువాటిలో తెలియని మాట ఒక్కటైనా నోటుబుక్కులోకి ఎక్కాకే అది కవరయ్యేది. కూతురు హిమబిందు వాడే డిక్షనరీలో తనే అర్థం వెతికి పక్కన రాసుకునేది. శ్రీవాణిది తెలుగు మీడియంలో పదో తరగతి చదువు కనక, అక్షరాలు ఎట్లా ఉంటే అట్లాగే పలికేది. ‘ఇస్‌లాండ్’ అంటే బిందు పడీపడీ నవ్వి, “ఐలండ్ మా!” అనేది. పలకని అక్షరాన్ని మధ్యలో ఎందుకు కూర్చోబెట్టారో ఆమెకు అంతుబట్టేది కాదు.

భర్త శివప్రసాద్ అంగట్లో చెప్పి మరీ నవ్వించేవాడు. “కవర్లు ఆలస్యమైతే ఏమనుకోవద్దప్పా. మా ఇంట్లో కలెక్టరమ్మ ఉండాది. చదివి సంతకం పెట్టినాకనే పంపిస్తాది.”

అత్త రాజ్యలక్ష్మమ్మ నవ్వేది కాదు. “పేపర్లు చదివితే కడుపు పండుతాదా? ఆడపిల్లను కని చేతులు కడుక్కుంటివి. పదేండ్లాయె. నా కొడుక్కు కొరివి పెట్టేవాడు యాడుండాడు?”

ఆ పదేళ్లలో శ్రీవాణి పట్టని ఉపవాసం లేదు, మింగని పసరు లేదు. మగబిడ్డ పుడితే నడిచి వస్తానని ఒంటిమిట్ట రాముడికి మొక్కుకుని, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది. అత్త దెప్పినప్పుడల్లా శివప్రసాద్ తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. పాపం, తనకోసం బాధపడుతున్నాడని ఆమె అనుకునేది. ఆ వంచిన తలను చూసే మరుసటి రోజు ఉపవాసానికి ఓపిక తెచ్చుకునేది.

ఆ రోజు శివప్రసాద్ అంగడి అటక దులిపించి, ఒక పాత కాగితాల కట్ట ఇంటికి పంపాడు. నాలుగైదు కవర్లు అయ్యాక, మందపాటి కాగితం మీద ఆమెకు తన పేరే కనిపించింది. తొంభై ఆరులో హిమబిందు పుట్టిన కడప ఆస్పత్రిది. పెద్దాపరేషన్ చేసి తీసిన బిడ్డ. కూడబలుక్కుంటూ చదివింది. చివరి వరుసలో ‘ట్యూబల్ లిగేషన్ డన్. హస్బెండ్స్ కన్సెంట్ టేకెన్’ అని ఉంది.

లిగేషన్? లిటిగేషన్ అయ్యుంటుంది. ఆ స్థలం లిటిగేషన్‌లో ఉందనీ, ఈ మిద్దె లిటిగేషన్‌లో పడిందనీ అంగట్లో రోజూ వినే మాటే. టైపు కొట్టినవాడు మధ్యలో ‘టి’ మింగేశాడు. అయినా కాన్పుకూ కోర్టు తగాదాకూ ఏం సంబంధం? సాయంత్రం బిందుకు చెప్పి నవ్వాలనుకుంటూ డిక్షనరీ తీసింది. లిటిగేషన్ దాకా పోకముందే వేలు ఆగింది. ఆ మాట తప్పు కాదు. మధ్యలో ‘టి’ లేకుండానే, వేరే మాటగా, ఉంది. ముడివేయుట. నాళమును దారముతో కట్టివేయుట.

కన్సెంట్‌కు వెతకనక్కర్లేదు. నోటుబుక్కు నాలుగో పేజీలో తన చేతిరాతే. సమ్మతి.

జిగురు వేళ్ల మీదే ఎండిపోయింది.

నాలుగింటికి టీకొచ్చిన శివప్రసాద్ ముందు, వంటింట్లో, కాగితం పెట్టింది. అతను చూసి గ్లాసు కింద పెట్టాడు.

“డాక్టరమ్మే చెప్పె, ఇంకో కాన్పయితే నువ్వు దక్కవని. నీ ప్రాణం కోసమే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నీ నోట్లో ఆగుతాదా? అమ్మకు తెలిస్తే ఊరుకుంటాదా? రెండో పెండ్లి చేసుకోమని నా ప్రాణం తీసుండదా?”

“అందుకని పదేండ్లు నన్ను తిట్లు తిననిస్తిరా? ఆ ముడుపు కట్టేటప్పుడు పక్కనే ఉంటిరి గదా. గుడ్డకు పసుపు పూసిచ్చింది మీరే గదా!”

అతను గొంతు తగ్గించాడు. “మాటలే గదా వాణీ. మాటలకు ఏమవుతాది? అమ్మకు మాత్రం చెప్పొద్దు.”

వరండాలోంచి అత్త కేకేసింది. “ఇద్దరూ ఏం గుసగుసలాడతాండారు? నవమికి ఒంటిమిట్టకు పోవాల. ఈసారైనా నిష్ఠగా ఉండమను దాన్ని.”

శ్రీవాణి కాగితం చేతిలోకి తీసుకుని, దేవుడి గూట్లోంచి ముడుపు తెచ్చి అత్త ఎదుట కూర్చుంది. పదేళ్ల ముడి, గోళ్లకు లొంగలేదు. కవర్లు కత్తిరించే కత్తెర మొన దూర్చి వదులు చేసింది.

“అయ్యయ్యో, ఏం చేస్తాండావే! మొక్కు తీరకుండా విప్పకూడదు!”

రూపాయి బిళ్ల నేల మీద దొర్లింది. శ్రీవాణి గుమ్మంలో నిలబడిపోయిన భర్తకు కాగితం అందించింది.

“చదవండి. అత్తమ్మ వింటాది.”

“నాకు ఇంగ్లీషు యాడొస్తాదే?” అంది అత్త.

“చదవండి. అర్థాలు అత్తమ్మకు నేను చెప్తా.”