చలపతి జాబితాలో లేని ఇరవై అడుగులు

అక్టోబరు రెండో శనివారం పొద్దున చలపతి చలికాలం మీద యుద్ధం ప్రకటించాడు. యుద్ధం అన్నది అతని మాటే. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే ఉద్యోగం అతనిది. ఇంట్లోనే కూర్చుని చేసుకుంటాడు. ఏ పనికైనా ముందు ఎక్సెల్ షీటు తెరవందే చెయ్యి కదలదు. ఆ షీటులో మూడు భాగాలు పెట్టాడు: ఇల్లు, తోట, కారు. అయిన పనికి ఆకుపచ్చ, కాని పనికి ఎరుపు.

ఇంత హడావిడికీ కారణం ఉంది. అతని భార్య అనూష ఆసుపత్రిలో డయాలసిస్ నర్సు. ఉదయం ఏడుకి యూనిట్ తలుపు తెరిచి మెషీన్లు ఆన్ చేయాల్సింది ఆమే. పోయిన జనవరిలో ఒకరోజు చలికి బ్యాటరీ చచ్చిపోయి కారు కదల్లేదు. ఆమె వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒకరు, ఊపిరి అందక రొప్పుతూ, రెండున్నర గంటలు కుర్చీలో కూర్చుని ఎదురుచూశారు. ఆయన ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అనూషకి ఎక్కువ బాధైంది. ఆ సాయంత్రం ఆమె కోటు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని ఏడిస్తే, చలపతి పక్కన కూర్చుని మాట ఇచ్చాడు. "వచ్చే చలికాలం నీ డ్యూటీ ఒక్క రోజు, ఒక్క నిమిషం ఆలస్యం కాదు. పూచీ నాది."

కాబట్టి ఆ శనివారం నుంచి మనవాడు నడుం బిగించాడు. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ సర్వీసు చేయించాడు. గదుల్లోని రేడియేటర్లలో గాలి తీశాడు, తీస్తూ గోడకి నల్లనీళ్ళు కొట్టించుకుని తిట్లు తిన్నాడు. నిచ్చెనెక్కి చూరు కాలవల్లో ఆకులు ఎత్తాడు. పెరటి కుళాయి పైపు గడ్డకట్టి పగలకుండా లోపలి వాల్వు కట్టేసి, నీళ్ళన్నీ వదిలేసి, కుళాయికి పాత స్వెట్టరు చుట్టాడు. డాలియా దుంపలు తవ్వి పేపర్లో చుట్టి షెడ్డులో పెట్టాడు. కరివేపాకు కుండీని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని హాల్లోకి తెచ్చాడు. కారుకి కొత్త బ్యాటరీ, కొత్త టైర్లు, అద్దం తుడిచే మందునీళ్ళు, డిక్కీలో పార, దుప్పటి, టార్చి. నవంబరు ఆఖరుకి షీటంతా ఆకుపచ్చ. దాన్ని ఫోనులో తెరిచి ఎవరు దొరికితే వాళ్ళకి చూపించేవాడు.

పక్కింటి గోపాల్‌రావు అంకుల్ మాత్రం అంత తేలిగ్గా మెచ్చలేదు. ఆయనది ఖమ్మం వైపు. నలభై ఏళ్ళ కిందట వచ్చి, బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. చూపు తగ్గి కారు అమ్మేశాడు గానీ ఎదుటివాళ్ళ కారులో లోపం ఆయన చెవికి వినబడుతుంది. షీటు చూసి, "అంత మంచిగనే ఉంది చలపతీ. గ్రిట్ తెచ్చుకున్నవా?" అన్నాడు.

గ్రిట్ అంటే మంచు మీద చల్లే ముతక ఉప్పు. చలపతి నవ్వాడు. "వీధి చివర కౌన్సిల్ వాళ్ళు గ్రిట్ పోసి ఉంచే పసుపు రంగు డబ్బా ఉంది కదా అంకుల్. కావాలంటే ఒక బకెట్టు తెచ్చుకుంటే సరి."

"డబ్బా ఉంది. అండ్ల ఏముందో చూసినవా?"

చలపతి చూడలేదు. చూడాలన్న ఎర్ర గడి కూడా షీటులో పెట్టలేదు. ఇల్లు, తోట, కారు అన్నీ ఉన్నాయి గానీ, ఇంటి గడపకీ వీధికీ మధ్య వాలుగా దిగే ఇరవై అడుగుల సిమెంటు వాకిలి ఏ భాగంలోనూ లేదు. కారు దిగాల్సింది ఆ వాలు మీంచే. దిగగానే వీధి, వీధికి అవతల రాతిగోడ.

ఇక ఆ ఇంట్లో నాలుగో నెల నడుస్తున్న అతిథి ఆదిలక్ష్మి, అనూష తల్లి. తణుకు నుంచి సెప్టెంబరులో వచ్చింది. మనిషి బక్కపలచన, మాట నెమ్మది, తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం ఎవరూ మాన్పించలేని అలవాటు. వచ్చిన మర్నాటి నుంచి గడప ముందు పొడి సిమెంటు మీద చాక్‌పీసుతో చిన్న ముగ్గు పెడుతోంది. ఒకరోజు చలపతి చెత్త డబ్బాని దాని మీంచి దొర్లించుకుంటూ వెళ్తే, ఆమె కిటికీలోంచి చూసి, "ముగ్గు తొక్కకూడదు బాబూ, చుట్టూ తిరిగి వెళ్ళాలి," అంది. అప్పట్నుంచి ఆ నిండు డబ్బాతో గడ్డిలోంచి అష్టవంకరలు పోతూ వెళ్ళడం చలపతి వంతైంది. లోపల్లోపల విసుక్కునేవాడు. అత్తగారంటే గౌరవమే గానీ, ఈ చలిదేశంలో ఆవిడకి తెలిసింది ఏముంటుందిలే అనే చిన్నచూపు కూడా లేకపోలేదు.

డిసెంబరు పదిహేను. ఆ రాత్రి మైనస్ నాలుగన్నారు. చలపతి కారు అద్దానికి కవరు కప్పి, వైపర్లు ఎత్తి పెట్టి, సైన్యాధిపతిలా నిద్రపోయాడు.

పొద్దున ఆరుకి పావు తక్కువ ఉండగా తలుపు తీసి ఒక అడుగు బయటపెట్టిన అనూష కెవ్వుమంది. కాలు జర్రున జారింది, తలుపు చట్రం పట్టుకుని ఎలాగో నిలబడింది. చలపతి టార్చి వేశాడు. గడప దగ్గర్నుంచి వీధి దాకా, కారు టైర్ల కింద నుంచి, వాలంతా లేత పసుపు రంగు అద్దం పరిచినట్టు మెరుస్తోంది.

పసుపు రంగు మంచు ఏమిటో అతనికి అర్థం కాలేదు. అనూషకి అయింది. "అమ్మా, ఇవాళ ధనుర్మాసం మొదలు కదూ?"

వంటింట్లోంచి వచ్చిన ఆదిలక్ష్మి తల ఊపింది. మామూలు రోజుల్లో చాక్‌పీసుతో సరిపెట్టుకుంది గానీ, ధనుర్మాసం మొదటిరోజు కళ్ళాపి లేకుండా ముగ్గేమిటని ఆమెకి మనసొప్పలేదు. పేడ దొరకదు కాబట్టి పసుపు కలిపింది. బయటి కుళాయికి అల్లుడు స్వెట్టరు తొడిగాడు కాబట్టి వంటింట్లోంచి మోసుకొచ్చింది. చలి కదా అని గోరువెచ్చని నీళ్ళే పట్టింది. నాలుగు బకెట్లు, ఒక్క చుక్క వృథా కాకుండా, వాకిలి ఆ చివర దాకా. ఆరాక ముగ్గు పెడదామని లోపలికి వెళ్ళింది. నీళ్ళు ఆరలేదు, గడ్డకట్టాయి.

చలపతి నోటిదాకా ఏదో వచ్చింది. అత్తగారి మొహం చూసి మింగేశాడు. ముందు గడ్డి మీంచి వెళ్ళి కారెక్కి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజిను అందుకుంది. బ్యాటరీ బాగుంది, టైర్లు బాగున్నాయి, వీధి కూడా పొడిగా ఉంది. దిగే దారే లేదు. బ్రేకు తీస్తే నేరుగా ఎదుటి గోడే. టాక్సీకి ఫోన్ చేస్తే యాభై నిమిషాలు పడుతుందన్నారు. బకెట్టు పట్టుకుని గడ్డి మీంచి వీధి చివరికి పరిగెత్తాడు. కౌన్సిల్ వాళ్ళ డబ్బా మూత ఎత్తితే, అడుగున రెండు ఖాళీ చిప్స్ పొట్లాలూ ఒక తడి గ్లవ్వూ ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి ఆరు. అనూష యూనిఫాం మీద కోటు వేసుకుని, గడియారం చూడకుండా ఉండడానికి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉంది. మాట ఇచ్చిన మనిషి ఆ నిలబడడం చూడలేక లోపలికి పరిగెత్తాడు. చలపతి కెటిల్ పట్టుకొచ్చాడు.

"వేడినీళ్ళు పొయ్యకు! ఇంకో పొర కడతది," అని గోడ అవతల్నుంచి కేక. శబ్దాలకి లేచిన గోపాల్‌రావు, మంకీక్యాపులో. "ఉప్పు చల్లాలె. గ్రిట్ ఏది?"

చలపతి ఖాళీ బకెట్టు చూపించాడు.

"ఉప్పంటే ఏ ఉప్పైనా పనిచేస్తుందా అన్నయ్యగారూ?" ఆదిలక్ష్మి అడిగింది. ఆమె ఏడవడం లేదు, క్షమాపణలూ చెప్పడం లేదు. ఆమె కళ్ళు మాత్రం వాలుని కొలుస్తున్నాయి.

"ఏదైనా ఉప్పే చెల్లెమ్మా. కళ్ళుప్పైతే ఇంకా మంచిది."

నిమ్మకాయ ఊరగాయకని పక్క ఊరు బ్రాడ్‌ఫర్డ్ నుంచి తెప్పించిన కళ్ళుప్పు వంటింట్లో ఆరు కిలోలుంది. చలపతి సంచి చింపి దోసిళ్ళతో విసిరాడు. ఇక్కడో కుప్ప పడింది, అక్కడో కుప్ప. మిగతా అద్దం అద్దంలాగే ఉంది. రెండు కిలోలు అలా తగలేశాక గోపాల్‌రావు తల పట్టుకున్నాడు. "కుప్పలు పోస్తే ఏం ఫాయిదా? ఉన్నదే గింత. పల్చగ, ఒక్కతీరుగ పడాలె. చెయ్యి తిరిగినోళ్ళు చెయ్యాలె."

"ఇటివ్వండి బాబూ," అంది ఆదిలక్ష్మి.

కొంగు నడుముకి దోపి, అల్లుడి జాకెట్టు తొడుక్కుని, వాకిలి అంచు గడ్డి మీద కాళ్ళు ఆనించి వంగింది. బొటనవేలికీ రెండు వేళ్ళకీ మధ్య ఉప్పు పట్టుకుని మొదలుపెట్టింది. ముందు చుక్కలు. జానకొక చుక్క, కొలబద్ద పెట్టినా అంత సూటిగా రావు. ఆ తర్వాత చుక్కల చుట్టూ మెలికలు. మెలిక మీద మెలిక, ఎక్కడా లావు కాకుండా, ఎక్కడా తెగకుండా. ఒక అంచు వెంబడి దిగింది, రెండో అంచు వెంబడి ఎక్కింది. చేతికి అందని నడుమ భాగాన్ని వదిలేసి, సరిగ్గా టైర్లు నడిచేచోట రెండు బారు పట్టీలు నింపుకుంటూ పోయింది. అరవై రెండేళ్ళ నడుం ఒక్కసారి నిటారుగా లేవలేదు. వేళ్ళు ఎర్రబడ్డాయి గానీ ఆగలేదు.

చలపతి టార్చి పట్టుకుని వెంట నడిచాడు. యాభై ఏళ్ళుగా రోజూ తెల్లారగట్ల చేసిన పని ఆ వేళ్ళలో ఎంత ఉందో అతనికి అప్పుడు తెలిసింది. తను చుట్టూ తిరగడానికి విసుక్కున్నది దీనికా అని సిగ్గేసింది. ఆ సిగ్గుని ముంచేస్తూ పెద్ద సంతోషం కూడా వచ్చింది, ఇంత పనిమంతురాలు తన ఇంట్లో ఉందని.

ఆరూ పదిహేనుకి చిటపటమని సన్నటి చప్పుడు మొదలైంది. ముగ్గు గీత వెంబడి మంచు కరిగి నల్లటి సిమెంటు బయటపడుతోంది. గోపాల్‌రావు కర్రతో పొడిచి చూశాడు. "మా డిపోల ముప్పై ఏండ్లు ఉప్పు చల్లిన్రు. గింత బాగ ఎవ్వడు చల్లలే. ఇంకో పది నిమిషాలు ఆగి పోనియ్యి బిడ్డా, మెల్లగ."

అనూష కారెక్కింది. ఆరూ ఇరవై ఐదుకి బ్రేకు వదలబోయి, మళ్ళీ ఆపి, అద్దం దించింది. లైట్ల వెలుగులో గడప నుంచి వీధి దాకా రెండు మెలికల ముగ్గులు. చిన్నప్పుడు వాటి మీద కాలు వేసినందుకు ఎన్ని మొట్టికాయలు తిన్నదో.

"అమ్మా... ముగ్గు మీంచే వెళ్ళాలి."

"తొక్కుకుంటూ వెళ్ళవే. తొక్కడానికే వేశాను," అంది ఆదిలక్ష్మి.

కారు అడుగడుగూ ఆచితూచి దిగింది. ఒక్కసారి కూడా జారలేదు. వీధిలో ఎడమకి తిరిగి, వెనక దీపాలు మలుపు దాటేదాకా ముగ్గురూ కదల్లేదు.

ఏడుకి రెండు నిమిషాల ముందు చలపతి ఫోనుకి మెసేజ్ వచ్చింది. పైకి చదివాడు. "మెషీన్లు ఆన్ చేశాను. అమ్మకి చెప్పండి."

ఆదిలక్ష్మి వంటింటి కుళాయి కింద వేళ్ళు పెట్టుకుని ఉంది. ఉప్పుకీ చలికీ వేళ్ళ కొసలు పగిలాయి. "ఆ పెద్దాయన వచ్చారటా? పోయినసారిలా కుర్చీలో ఎదురుచూడాల్సి రాలేదు కదా?"

చలపతి అడిగాడు. జవాబు వచ్చింది. "మొదటి మెషీన్ ఆయనదే."

ఆమె అప్పుడు ఏడ్చింది. "నా వల్ల మీ మాట పోయేది బాబూ."

"పోయేది నా వల్ల, అత్తయ్య గారూ. నిలబెట్టింది మీరు." కొబ్బరినూనె సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఫోనులో షీటు తెరిచాడు. ఇల్లు, తోట, కారు కింద నాలుగో భాగం చేర్చి, వాకిలి అని రాశాడు. ఎరుపు రంగు వేశాడు. గ్రిట్, రెండు బస్తాలు అని రాసి, దాని కింద గడిలో ముగ్గు అని చేర్చి తల ఎత్తాడు.

"రేపటి ముగ్గుకి ఎన్ని చుక్కలు, అత్తయ్య గారూ?"