ఏడు నిమిషాల ఖాళీ

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో ఆనంద్ కుమార్ కంట్రోలర్. ఏ బస్సు ఎన్నింటికి రావాలో, ఎన్నింటికి కదలాలో చూసి రాసుకోవడం ఆయన పని. పంతొమ్మిదేళ్లుగా అదే కేబిన్, అదే కుర్చీ. టైమైన తరువాత కూడా బండికి ఆనుకొని ముచ్చట్లు పెట్టే డ్రైవరు ఆయన కంటబడ్డాడా, ఇక విజిల్ నోట్లోంచి తీయడు. మంచి ఉద్యోగే, కాదనం. చిక్కల్లా ఏమిటంటే, ఆ విజిల్‌ను ఆయన ఎల్‌బీ నగర్‌లోని కిరాయింటికి కూడా తెచ్చుకునేవాడు.

మాటవరసకు అనడం లేదు, నిజంగానే తెచ్చుకునేవాడు. కూతురు ప్రసన్న ఇంటర్‌లో చేరిన నాటి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు దాని తలాపున విజిల్ మోగాల్సిందే. పళ్లు తోముకోవడానికి నాలుగు నిమిషాలు, స్నానానికి ఎనిమిది. కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే పుస్తకం తెరవాలి. కిటికీ దగ్గర ఒక్క క్షణం నిలబడితే, "ఏంది బిడ్డా, ఖాళీగున్నవ్?" అని అడిగేవాడు. ఖాళీ అన్న మాట ఆ ఇంట్లో తిట్టుతో సమానం. తల్లి గ్రేస్ చెప్పి చెప్పి విసిగిపోయి ఊరుకుంది.

ఇంత చేసినా మార్కులు అంతంతమాత్రమే. మొదటి సంవత్సరం అయిపోయి ఎండాకాలం సెలవులు వచ్చేసరికి ఫిజిక్సులో పదకొండు పాఠాలు పిల్లకు అర్థం కాకుండానే మిగిలిపోయాయి. కాలేజీ వాళ్లు ఆనంద్ కుమార్‌ను పిలిచి, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరున్న తమ హాస్టల్లో వేయమన్నారు. అక్కడ లేచింది మొదలు పడుకునేదాకా ఒక్క నిమిషం వృథా పోదట, పిల్లల నెత్తిన ఎప్పుడూ ఒక మనిషి నిలబడే ఉంటాడట. ఆయన చెవుల్లో తేనె పోసినట్టయింది. వెంటనే ఫారం తెచ్చి టీవీ పక్కన పెట్టాడు. తండ్రీ కూతుళ్ల సంతకాలు పడితే చాలు.

ప్రసన్న ఆ ఫారం చదివింది. ఏడవలేదు, అలగలేదు. తండ్రి అన్నం తినడం మొదలుపెట్టేదాకా ఆగి, ఎదురుగా వచ్చి కూర్చుంది.

"డాడీ, నాకు ఇరవై రోజులు ఇయ్యి. గా ఇరవై రోజులు నన్ను లేపొద్దు, సదువుతున్నవా అని అడగొద్దు. విజిల్ కేబిన్లనే పెట్టి రా. పదకొండు పాఠాలు నేనే అయిపోగొడ్త. కాకపోతే నీకంటె ముందు నేనే సంతకం పెట్టి హాస్టల్‌కు పోత."

"అయినయని నాకెట్ల తెలుస్తది?"

"పాత పరీక్ష పేపర్లున్నయి గదా. ఏదన్న నువ్వే తీసియ్యి, రాస్త. జవాబుల పుస్తకం పెట్టుకొని నువ్వే దిద్దు."

ఆయన భార్య వైపు చూశాడు. గ్రేస్ మజ్జిగ పోస్తూ, "పిల్లతోని అయితదో లేదో తరువాత సంగతి. ఇరవై రోజులు నోరు మూసుకునుడు నీతోని అయితదా?" అంది. ఆయనకు రోషం వచ్చి సరేనన్నాడు.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చేసరికి గోడ మీద చేత్తో గీసిన చార్టు కనిపించింది. దాని ముందు నిలబడి గడి గడీ చదివాడు. ఆరింటికి లేస్తుందట. సరే, గుటక మింగాడు. రోజూ సాయంత్రం ఒక గడిలో ఏమీ లేదు. ప్రతి ఐదో రోజు పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా అన్నీ ఖాళీ గడులే. నాలుక చివరిదాకా వచ్చిన మాటను పళ్లతో పట్టుకొని, బాత్రూములోకి పోయి నల్లా కింద తల పెట్టాడు.

ఆ ఐదో రోజు రానే వచ్చింది. ఆ పిల్ల ఏం చేసిందనుకున్నారు? తొమ్మిదింటి దాకా పడుకుంది. తల్లితో కలిసి ఆవకాయకు మామిడికాయలు కోసింది. సాయంత్రం చర్చికి పోయి చిన్నపిల్లలకు పాటలు నేర్పింది. ఆనంద్ కుమార్ చేతులు నలుపుకుంటూ ఇల్లంతా తిరిగాడు. అడగడానికి వీల్లేదాయె.

ఎనిమిదో రోజు పొద్దున్నే గ్రేస్‌కు జ్వరం ముంచుకొచ్చింది. మలక్‌పేట దవాఖానలో రెండు రోజులు ఉంచి సెలైన్ ఎక్కించారు. ఆనంద్ కుమార్‌కు సెలవు దొరకలేదు. ప్రసన్నే తల్లి పక్కన కూర్చుంది, మందులు తెచ్చింది, తొమ్మిదో రోజు సాయంత్రం ఆటోలో ఇంటికి తీసుకొచ్చింది. భార్య కోలుకున్నందుకు దేవునికి స్తోత్రం చెప్పుకొని, ఆ వెంటనే గోడ మీది చార్టు వైపు చూశాడు మనిషి. రెండు రోజులు పోయాయి. పొద్దున ఒక బండి లేటైతే సాయంత్రం దాకా ఎన్ని ట్రిప్పులు ఆగమైతాయో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఇక హాస్టలే అనుకున్నాడు. తన మాట గెలిచినందుకు సంతోషం కలగాలి కదా, కలగలేదు.

ప్రసన్న పెన్సిల్ తీసింది. పోయిన రెండు రోజుల పాఠాలను పదో రోజు ఖాళీ గడుల్లో ఒకటి, పదిహేనో రోజు ఖాళీ గడుల్లో ఒకటి రాసుకుంది. రెండు నిమిషాల పని. తరువాత వంటింట్లోకి పోయి తల్లికి జావ కాచింది. మర్నాడు ఎప్పటిలాగే ఆరింటికి లేచి పుస్తకం ముందు కూర్చుంది. ముఖంలో పరేషాన్ లేదు, ఉరుకులాట లేదు. విజిల్ ఊదిన వాళ్లూ లేరు. ఆనంద్ కుమార్ తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు. తన ఉద్యోగంలో ఇటువంటిది ఎన్నడూ చూడలేదు. ఆ రోజు ఆయనే డ్యూటీకి లేటుగా పోయాడు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం, ఉన్నవాటిలో కష్టమైన పేపరు ఏరి ఇచ్చాడు. పిల్ల రాసింది. కళ్లద్దాలు పెట్టుకొని ఆయనే దిద్దాడు. అరవైకి యాభై రెండు. నమ్మకం కుదరక మళ్లీ కూడాడు. యాభై రెండే.

"గిట్ల ఖాళీ గడులు పెట్టి సదువుడు ఎవరు నేర్పిర్రు బిడ్డా నీకు?" అని అడిగాడు. ఆ గొంతులో అంత మెత్తదనం గ్రేస్ కూడా ఎప్పుడూ వినలేదు.

ప్రసన్న మంచం కింది నుంచి ఒక కాగితాల కట్ట లాగింది. ఆయన గుర్తుపట్టాడు. పిల్ల రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచి, బస్టాండులో తేదీ దాటిపోయి పారేసే టైం షీట్లను రఫ్ పనికని తెచ్చి ఇస్తున్నాడు. ఒకవైపు ఆయన చేత్తో రాసిన బస్సుల టైములు, రెండో వైపు తెలుపు. ఆ తెల్లని వైపు నిండా కూడికలు, తీసివేతలు, రాను రాను ఫిజిక్సు లెక్కలు.

"లెక్క రాకపోతే కాగితం తిప్పి నీ దిక్కు సదివేదాన్ని," అంది ప్రసన్న. "గిది చూడు. తొమ్మిది ఇరవైకి వస్తది, తొమ్మిది ఇరవై ఏడుకు పోతది. ప్రతి బండీ గంతే. చిన్నప్పుడు తప్పు రాసిర్రనుకున్న. ఒకసారి కేబిన్‌కు వచ్చినప్పుడు నిన్నే అడిగిన, యాదుందా?"

ఆయనకు యాదిలేదు.

"నువ్వేమన్నవ్, 'బండి ఊకెనే నిలవడ్తలేదు బిడ్డా, తొవ్వల లేటైతే గా ఏడు నిమిషాలే కాపాడ్తయి, అవి లేకుంటే ఎంత మంచి డ్రైవరైనా పొద్దుమీకేసరికి చేతులెత్తేస్తడు' అన్నవ్."

ఆనంద్ కుమార్ ఆ కట్టను ఒళ్లోకి తీసుకున్నాడు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. ఇటు తన చేతిరాత, అటు తన బిడ్డ చేతిరాత. పక్కన కూర్చొని పిల్లకు ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు, డ్యూటీలతోనే సరిపోయె. అయినా అది పదేళ్లుగా తన దగ్గరే చదువుకుంటూ ఉంది. రోజుకు రెండు వందల బండ్లకు ఏడేసి నిమిషాలు ఇచ్చిన మనిషి, కన్నబిడ్డకు ఒక్క నిమిషం ఇవ్వలేదని సిగ్గేసింది. సిగ్గుకు మించి ఆశ్చర్యం వేసింది. తన ఇంట్లో, తన కళ్ల ముందే, ఈ పిల్ల ఇంత మనిషి ఎప్పుడయింది?

లేచి, టీవీ పక్కనున్న హాస్టల్ ఫారం తీశాడు. ప్రసన్న ముఖం బిగుసుకుంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, అచ్చు ఒకవైపే ఉందని చూసుకొని, తెల్లని వైపు పైకి వచ్చేలా ఆ కట్ట మీద పెట్టాడు.

"రఫ్‌కు పనికొస్తది," అన్నాడు.