గంజి పెట్టిన బొమ్మ

విరుదునగర్‌లో ఫ్రేములు కట్టే కొట్టు లేక కాదు రంగసామి కోవిల్‌పట్టి బస్సెక్కింది. ఉంది, వాళ్ళ వీధి చివరే ఉంది. కానీ ఆ కొట్టువాడి నోట్లో నువ్వుగింజ నానదు. బొమ్మకు పట్టిన గతి వాడి కంటబడితే, సాత్తూరులో కూతురింట్లో ఉన్న భార్య సుబ్బులక్ష్మికి సాయంత్రానికల్లా కబురు చేరిపోతుంది. అందుకే పవర్‌లూమ్ షెడ్డులో రాత్రి పని దిగి, కన్ను మూయకుండా, చుట్టిన బొమ్మ కాగితం చంకలో పెట్టుకుని బయలుదేరాడు. బస్సు సాత్తూరులో ఆగినప్పుడు ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి తల వంచుకున్నాడు కూడా. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది.

ఆ బొమ్మ సుబ్బులక్ష్మి గీసింది. చీర అంచులకు పూలు గీసే గళ్ళ కాగితం మీద, రంగు పెన్సిళ్ళతో, మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న మొగుణ్ణి గీసింది. ఇంట్లో మగ్గం ఉన్న రోజులవి. తర్వాత మగ్గం పోయింది, ఆమె కళ్ళకు పొర కమ్మింది. ఆపరేషన్ ఇవాళా రేపూ అంటూ రెండేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు మదురైలో అది జరిగి, దుమ్ము తగలకూడదని కూతురు జోతి దగ్గర ఉంది. రేపు ఇంటికి వస్తోంది. "ఆ బొమ్మను గోడకి తగిలించి పెట్టండి. ఇంట్లోకి వస్తానే దాన్నే చూడాల," అని ఫోనులో చెప్పింది.

తీరా పెట్టె తెరిచి రంగసామి కాగితం విప్పాడు. బొమ్మలో మగ్గం ఉంది, పడుగు ఉంది, తన చేతులు ఉన్నాయి. మొహం ఉండాల్సిన చోట బొక్క ఉంది.

కోవిల్‌పట్టిలో ఫ్రేములు కట్టే అళగర్‌సామి కొట్టు నిండా పోయినవాళ్ళ ఫొటోలే. దండలు పడటానికి సిద్ధంగా గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. అతను కాగితం విప్పి, వేలితో తడిమి, గరగరలాడుతున్న అంచు చూసి, ఇదేమిటని అరవంలో అడిగాడు. రంగసామి "అయ్యో, నా కర్మమా" అని తెలుగులో గొణుక్కున్నాడు.

"మన పాస మాట్లాడేవాళ్ళా? ముందరే చెప్పకూడదా అన్నా!" అంటూ అళగర్‌సామి స్టూలు జరిపాడు. "దీనికి ఏమి పూసినారు?"

"గంజి."

"గంజా?"

"పడుగుకి పెట్టుతాము కదా, నూలు తెగకుండా నిలిచేదానికి. కాయితము నలిగిపోతాదని ఇదీ అట్లనే అనుకుంటిని. రెండు పక్కలా పూసి నీడలో ఆరబెడితిని. మొగము దగ్గర ఇంకో పూత కూడా వేస్తిని, అది ముఖ్యము కదా అని."

అళగర్‌సామి నవ్వాపుకోలేకపోయాడు. "పురుగులకి పిలిచి అన్నం పెట్టినారు అన్నా. పడుగుకి పెట్టిన గంజి చీరె అయినాక ఉతికితే పోతాది. దీన్ని ఎవరు ఉతుకుతారు?"

రంగసామి నవ్వలేదు. ప్రేమతో చేసిన పని ఇలా తలకు చుట్టుకుంటే మనిషికి ఏడుపూ రాదు. ఉత్త నీరసం వస్తుంది.

అళగర్‌సామి మెత్తటి కుంచెతో పురుగుల మడ్డి దులిపాడు. కాగితానికి అద్దం తగిలితే చెమట పట్టి అతుక్కుపోతుందని, మధ్యలో మందపాటి అట్టచట్రం కోసి పెట్టాడు. ఎండ పడే గోడకూ దీపం పైనా తగిలించొద్దన్నాడు. "ఉండేది ఉండేట్టే కట్టి ఇస్తాను," అన్నాడు.

"వద్దు సామీ. కండ్లు వచ్చినాక మా ఇంటామె ముందర చూసేది ఈ బొక్కనా?" అంటూ రంగసామి పర్సులోంచి షెడ్డు కార్డు కోసం తీయించుకున్న చిన్న ఫొటో లాగాడు.

అళగర్‌సామికి మనసొప్పలేదు. అయినా పక్క కొట్టులో దానికి సరిపడా సైజులో నకలు తీయించి, బొక్క వెనక జొనిపాడు. "గమ్ము మాత్రము పెట్టను. మేకులూ కొట్టను. వెనకాల ఈ తగరం నాలికలు మడిచి పెడతాను. ఎప్పుడన్నా తెరవాలంటే వేలితోనే తెరవండి."

ఇంటికి తెచ్చి గోడకు తగిలించాక, దూరం నుంచి చూస్తే ఫరవాలేదు. దగ్గరికెళితే మాత్రం మగ్గంలో కూర్చున్న ఒంటికి, గుర్తింపు కార్డులోంచి గుడ్లు మిటకరిస్తున్న మొహం.

మర్నాడు సుబ్బులక్ష్మి నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. గుమ్మం లోపలికి రాగానే అద్దాలు తీసి బొమ్మ దగ్గరికి నడిచింది. రాత్రంతా అబద్ధాలు రెండు కూడగట్టుకుని ఉన్న రంగసామి ఆమె వెనకే నడిచాడు.

"ఇది ఎవరు?"

"నేనే."

"నేను రాసిన బొమ్మ ఇది కాదు." ఆమె ఫ్రేము దించి తిప్పింది. తగరం నాలికలు ఒక్కొక్కటే పైకెత్తింది. వెనక నుంచి ఫొటో ముక్క జారి నేల మీద పడింది. బొక్క మిగిలింది.

ఇక దాచేదేముంది? గంజి సంగతంతా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆమె బొక్క చుట్టూ వేలితో తడిమింది. "రెండేండ్లుగా నాకు మీరు ఇట్లనే అగుపడుతుంటిరి. చేతులు తెలుస్తుండె, చొక్కా తెలుస్తుండె. మొగము ఉండే తావులో మబ్బే. ఇట్లనే ఉండనీయండి."

అప్పుడు తలెత్తి అతని వంక చూసింది. పొర తీసిన కళ్ళు. అతను కళ్ళు దించుకోబోయాడు. ఆమె చేయి అతని గడ్డం కింద ఆగింది.

"నేను రాసిన మొగము ఇది కాదు," అంది నెమ్మదిగా. "చానా అలిసిపోయినారు. నాకు ఎందుకు చెప్పలేదు?"

ఏడవాలని రంగసామికి ఎంతగానో అనిపించింది. "ఔను, అలిసిపోతిని," అని మాత్రం అని అక్కడే నేల మీద కూలబడ్డాడు.