డ్రైవర్ బాబాయి సగం మీసం

ముందు మీసం పుట్టింది, దాని వెనకే డ్రైవర్ బాబాయి పుట్టాడు. నమ్మకపోతే మీ ఇష్టం. బస్సు నడిపే రోజుల్లో మలుపు వస్తే లైటు వేసేవాడు కాదు, ఆ పక్క మీసాన్ని కిటికీలోంచి బయటికి పెట్టేవాడు. వెనకొచ్చే లారీలు బుద్ధిగా ఆగేవి.

రిటైరై బస్సు దిగాక ఆయన్ని ఇంట్లో సామాను కింద జమకట్టేశారు. కూతురు మంచిదే. కానీ నాన్న కాఫీ తాగుతాడా అని మొగుణ్ణి అడుగుతుంది. నిద్ర పట్టడం లేదని తీసుకెళ్తే డాక్టరూ అంతే. ఆయన మొహం చూడకుండా, ఈ వయసులో ఇవన్నీ మామూలేనని కూతురికి చెప్పి పంపేశాడు.

ఒక పొద్దున బాబాయి నా క్షౌరం షాపుకొచ్చాడు. మీసం బాగా దిద్దమన్నాడు, ఫోటో తీయించి పటం కట్టించుకోవాలన్నాడు. నోరు నవ్వింది గానీ అద్దంలో కళ్ళు నవ్వలేదు. నా నోటికెలాగూ తాళం లేదు, అడిగేశాను.

"బాబాయ్, చచ్చిపోదామనుకుంటున్నావా?"

అద్దంలోంచే నా వైపు చూశాడు.

"అవునురా. ఇన్నాళ్ళకి అడిగినవాడివి నువ్వొక్కడివే."

చేతిలో ఉన్న మిషన్‌తో ఎడమ పక్క మీసం నున్నగా లేపేశాను. బాబాయి తిట్టిన తిట్లకి అద్దానికి చెమట పట్టింది, ఎదురు కొట్లో తక్కెడ నిజం తూకం చూపించింది.

"సగం మీసంతో పోతే మోసేవాళ్ళు నవ్వాపుకోలేక కింద పడేస్తారు బాబాయ్. మొలిచేదాకా ఆగు."

"మొలవనీ, నీ పని చెప్తా."

షాపు మూసి ఆయన వెంటే ఇంటికెళ్ళాను. కూతురికి దాచకుండా చెప్పాను. ఆమె ఏడ్చి, నీకేం కావాలి నాన్నా అని ఆయన్నే అడిగింది. ఒంటరిగా వదలకుండా ముగ్గురం డాక్టరు దగ్గరికి పోయాం.

డాక్టరు అలవాటుగా కూతురి వైపు తిరగబోయాడు. కానీ చూపు ఆ సగం మీసంలో చిక్కుకుపోయింది. కాంపౌండరు వచ్చి లాగినా ఊడి రాలేదు.

"ఇటే చూడు బాబూ," అన్నాడు బాబాయి. "ప్రాణం నాది. నన్నడుగు."

అడిగాడు. బయట జనం గొణుగుతున్నా చివరిదాకా విన్నాడు. ఇది ముసలితనం కాదు, దిగులు జబ్బు అన్నాడు. ఏ వయసులోనైనా నయమవుతుందని మందులు రాశాడు, కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి దగ్గరికీ పంపాడు.

ఇప్పుడు నిద్ర పడుతోంది. రోజులన్నీ బాగుంటాయని కాదు. బాగోని రోజున తనే వచ్చి నా కుర్చీలో కూర్చుని చెప్తాడు. మీసం మొలిచింది, రెండు పక్కలా సమానం చెయ్యమని వారం వారం వస్తాడు. నేను ప్రతిసారీ ఒక పక్క నువ్వుగింజంత ఎక్కువ ఉంచుతాను.

ఆయనకి తెలుసు. నా పనితనాన్ని తిట్టిపోసి, మళ్ళీ వారం వస్తానని చెప్పి పోతాడు.